పట్టిన చోటే పట్టు: మౌస్‌తో లాగగలిగే ఎలిమెంట్ల వెనుక ఉన్న లెక్క

తెర మీద ఉన్న ఒక ప్యానెల్‌నో, బటన్‌నో, బొమ్మనో (ఇలాంటివన్నీ ఎలిమెంట్లే) మౌస్‌తో పట్టుకుని మరో చోటికి లాగడం వాడేవారికి ఒకే పని. కోడ్ రాసేవారి దగ్గరికి మాత్రం అది మూడు ముక్కలుగా వస్తుంది: మౌస్ బటన్ నొక్కడం, నొక్కి ఉంచి కదపడం, వదలడం. దాదాపు ప్రతి డెస్క్‌టాప్ టూల్‌కిట్ (విండోలు, బటన్ల వంటివి సిద్ధంగా ఇచ్చే కోడ్ సముదాయం) ఈ మూడు ఈవెంట్లనూ, అంటే జరిగినదాన్ని కోడ్‌కు తెలిపే కబుర్లనూ, ఏదో ఒక పేరుతో అందిస్తుంది కాబట్టి, మూడు ఫంక్షన్లు రాస్తే పది పదిహేను లైన్లలో పని అయిపోతుందని మొదట అనిపిస్తుంది. ఆ పదిహేను లైన్లు మొదటి పరీక్షలో బాగానే పనిచేస్తాయి కూడా. మౌస్‌ను విసురుగా కదిపినప్పుడో, బటన్‌ను విండో బయట వదిలినప్పుడో, కంప్యూటర్‌కు రెండో మానిటర్ తగిలించినప్పుడో లోపాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. వాటిలో అధిక భాగం రెండు ప్రశ్నలకు కోడ్‌లో స్పష్టమైన జవాబు లేకపోవడం వల్ల పుట్టేవే. మౌస్ స్థానాన్ని దేని నుంచి కొలుస్తున్నాం? లాగడం ముగిసిందని కోడ్‌కు ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్ల వాడకంపై పరిశోధకుడు బిల్ బక్స్‌టన్ 1990లో ప్రతిపాదించిన మూడు స్థితుల నమూనా ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది. ఆ నమూనాలో 0వ స్థితి అంటే పరికరం గుర్తింపు పరిధికి బయట ఉండడం, 1వ స్థితి అంటే పాయింటర్ ఊరికే కదలడం, 2వ స్థితి అంటే బటన్ నొక్కి పెట్టి లాగడం. మామూలు మౌస్‌కు చివరి రెండే వర్తిస్తాయి. లాగడమనేది ఒక ఈవెంట్ కాదని, నొక్కిన క్షణం నుంచి వదిలిన క్షణం వరకు కొనసాగే స్థితి అని దీని సారం. స్థితి అన్నాక దానికి జ్ఞాపకం ఉండాలి: లాగుతున్నామా లేదా అన్న గుర్తు, పట్టుకున్న చోటు, లాగడం మొదలైనప్పుడు ఎలిమెంట్ ఉన్న స్థానం. ఈ మూడింటినీ నొక్కిన క్షణంలోనే దాచుకోవాలి, ఎందుకంటే కదలిక మొదలయ్యాక వాటిని తిరిగి రాబట్టే దారి ఉండదు.

మొదటి ప్రశ్న కొలతది. ఒక ప్యానెల్ తన మాతృ విండోలో, అంటే తనను కలిగి ఉన్న విండోలో, ఎడమ నుంచి 200, పై నుంచి 120 పిక్సెళ్ల దగ్గర ఉందనుకుందాం. వాడేవారు దాని లోపల ఎడమ అంచు నుంచి 15 పిక్సెళ్ల దూరంలో నొక్కి, మౌస్‌ను కుడివైపుకు 8 పిక్సెళ్లు జరిపారు. మైక్రోసాఫ్ట్ టూల్‌కిట్ విండోస్ ఫార్మ్స్‌లో గానీ జావా టూల్‌కిట్ స్వింగ్‌లో గానీ ప్యానెల్‌కు అందే ఈవెంట్‌లోని స్థానం ఆ ప్యానెల్ ఎడమ పై మూల నుంచి కొలిచినది కాబట్టి, ఇప్పుడు వచ్చే విలువ 23. దీన్ని నేరుగా ప్యానెల్ స్థానంగా పెట్టేస్తే అది 200 నుంచి ఒక్కసారిగా 23కు ఎగిరిపోతుంది. ఈ తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా దిద్దుకుంటారు. రెండో తప్పు అంత తేలికగా దొరకదు. గత ఈవెంట్‌లోని విలువను దాచుకుని, కొత్త విలువతో తేడా చూసి, ఆ తేడాను స్థానానికి కలిపితే సరిపోతుందని తోస్తుంది. 23లోంచి 15 తీసేస్తే 8; ప్యానెల్ 208కి జరుగుతుంది; దాచుకున్న విలువ 23 అవుతుంది. అయితే ప్యానెల్ కూడా పాయింటర్‌తో పాటు జరిగింది గనుక, దాని మూల నుంచి చూస్తే పాయింటర్ మళ్లీ 15 దగ్గరే ఉంది. తర్వాతి ఈవెంట్‌లో 15 వస్తుంది, 23తో తేడా మైనస్ 8, ప్యానెల్ వెనక్కి 200కు వస్తుంది. లాగుతున్నంతసేపూ ప్యానెల్ వణుకుతూ ఉండడానికి అసలు కారణం ఇదే. నడుస్తున్న బండిలో కూర్చుని, బండి ఎంత దూరం వచ్చిందో ఆ బండి అంచు నుంచే కొలవడం లాంటిది ఈ లెక్క.

వణుకు చూసిన ప్రోగ్రామర్ తరచుగా డబుల్ బఫరింగ్ (బొమ్మను చాటున గీసి ఒకేసారి తెర మీదికి తేవడం) ఆన్ చేసి చూస్తాడు, రీపెయింట్‌ను, అంటే తెర మీద తిరిగి గీయడాన్ని, అనుమానిస్తాడు. అక్కడ సమయం వృథా అవుతుందే తప్ప ఫలితం ఉండదు, ఎందుకంటే ప్యానెల్ నిజంగానే ముందుకూ వెనక్కూ కదులుతోంది. పైగా విండోస్‌లో చేయి కదలకపోయినా, పాయింటర్ కింద ఉన్న విండో జరిగితే మౌస్ కదిలినట్టు మరో సందేశం వస్తుంది. అందువల్ల చేయి నిలిపి ఉంచినా వణుకు ఆగకపోవచ్చు. దాచుకున్న విలువను మార్చకుండా, నొక్కినప్పటి 15నే చివరి వరకు ఉంచుకుంటే ఈ స్థానిక కొలతతో కూడా లెక్క సరిపోతుంది. ఎన్నో ఉదాహరణ కోడ్‌లలో కనిపించే పద్ధతి ఇదే. కాకపోతే స్థానం మార్చగానే అది అప్పటికప్పుడు అమలవుతుందన్న నమ్మకం మీద అది నిలబడి ఉంది. మైక్రోసాఫ్ట్ వారి మరో టూల్‌కిట్ డబ్ల్యూపీఎఫ్ లాంటి చోట్ల లేఅవుట్, అంటే ఎలిమెంట్లను స్థానాల్లో అమర్చే పని, తర్వాత తీరికగా జరుగుతుంది కాబట్టి ఆ నమ్మకం ఎప్పుడూ నిజం కాదు.

నికరమైన పద్ధతి, కదలని దాని నుంచి కొలవడం. మాతృ విండో మూల నుంచి గానీ, మొత్తం తెర మూల నుంచి గానీ పాయింటర్ స్థానం తీసుకుని, దానిలోంచి పట్టుకున్న చోటును తీసేస్తే ఎలిమెంట్ కొత్త స్థానం వస్తుంది. పై ఉదాహరణలో మాతృ విండో నుంచి పాయింటర్ 223 దగ్గర ఉంది. 15 తీసేస్తే 208. ఈవెంట్లు ఎన్ని వచ్చినా, మధ్యలో కొన్ని రాకపోయినా ఈ జవాబు మారదు. ఇందుకు కావలసిన మార్పిడి సాధనాలు ప్రతి టూల్‌కిట్‌లోనూ ఉన్నాయి: స్వింగ్‌లో కన్వర్ట్‌పాయింట్, సీ++ టూల్‌కిట్ క్యూటీలో మ్యాప్‌టుపేరెంట్, పైథాన్ టూల్‌కిట్ టికింటర్ ఈవెంట్‌లో ఎక్స్‌రూట్, వైరూట్ అనే విలువలు. డబ్ల్యూపీఎఫ్‌లోని గెట్‌పొజిషన్ అయితే దేని నుంచి కొలవాలో నేరుగా అడుగుతుంది. అక్కడ లాగే ఎలిమెంట్‌ను కాకుండా దాని మాతృ ఎలిమెంట్‌ను ఇవ్వాలి.

ప్రతి ఈవెంట్‌కూ చిన్న చిన్న తేడాలు కలుపుకుంటూ పోయే పద్ధతిని కదలని మూలం నుంచి కొలిచి రాసినా, దానికి మరో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఎలిమెంట్ విండో అంచు దాటి పోకూడదని హద్దు పెట్టారనుకుందాం. పాయింటర్ అంచు దాటి 60 పిక్సెళ్లు బయటికి వెళ్తే ఎలిమెంట్ అంచు దగ్గర ఆగిపోతుంది, అంతవరకు సరే. పాయింటర్ వెనక్కి తిరిగిన మరుక్షణమే ఎలిమెంట్ కూడా బయలుదేరుతుంది, పాయింటర్ ఇంకా దాన్ని చేరకముందే. అప్పటి నుంచి పట్టుకున్న చోటుకూ పాయింటర్‌కూ మధ్య 60 పిక్సెళ్ల ఎడం ఉండిపోతుంది. ఇక ఎలిమెంట్‌ను 10 పిక్సెళ్ల గడులకు అతుక్కునేలా చేస్తే పరిస్థితి మరీ విచిత్రంగా ఉంటుంది: నెమ్మదిగా లాగినప్పుడు ప్రతి ఈవెంట్‌లో వచ్చే తేడా రెండు మూడు పిక్సెళ్లే కాబట్టి, దాన్ని దగ్గరి గడికి సవరిస్తే ప్రతిసారీ సున్నా వస్తుంది, ఎలిమెంట్ అసలు కదలదు. విసురుగా లాగితే మాత్రం కదులుతుంది. మొదట అసలు స్థానాన్ని లెక్కగట్టి, ఆ తర్వాత హద్దునూ గడినీ ఆ ఫలితానికి వర్తింపజేస్తే రెండు చిక్కులూ ఉండవు. తేడాలు కూడబెట్టే పద్ధతిని అనివార్యమైతే తప్ప వాడకపోవడమే మంచిది. టికింటర్ కాన్వాస్‌లోని మూవ్ ఫంక్షన్ తేడానే అడుగుతుంది కదా అనే సందేహం రావచ్చు. అక్కడ కూడా చేరవలసిన స్థానం ముందు లెక్కగట్టి, ప్రస్తుత స్థానంతో దాని తేడాను ఇస్తే సరిపోతుంది.

రెండో ప్రశ్న ముగింపుది. మామూలుగా మౌస్ ఈవెంట్లు పాయింటర్ కింద ఏ ఎలిమెంట్ ఉంటే దానికి వెళ్తాయి. చిన్న బటన్‌ను పట్టుకుని విసురుగా లాగితే రెండు ఈవెంట్ల మధ్య పాయింటర్ ఆ బటన్ సరిహద్దు దాటి వెళ్లిపోగలదు. అప్పుడు కదలిక ఈవెంట్ ఆ బటన్‌కు అందదు, అది దారిలోనే ఆగిపోతుంది. అంతకన్నా చేటు, వదిలిన ఈవెంట్ అందకపోవడం. మౌస్ బటన్ వదిలేశామని కోడ్‌కు తెలియదు గనుక లాగుతున్నామన్న గుర్తు అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడో పాయింటర్ ఆ ఎలిమెంట్ మీదుగా వెళ్తే అది అంటుకుని వెంట వస్తుంది. దీనికి విరుగుడు మౌస్ క్యాప్చర్, అంటే పాయింటర్ ఎక్కడ ఉన్నా ఈవెంట్లన్నీ తనకే రావాలని ఒక ఎలిమెంట్ కోరడం. విండోస్ మూల ప్రోగ్రామింగ్ సదుపాయమైన విన్32లో నొక్కినప్పుడు సెట్‌క్యాప్చర్‌ను, వదిలినప్పుడు రిలీజ్‌క్యాప్చర్‌ను పిలవాలి. డబ్ల్యూపీఎఫ్‌లోనూ క్యాప్చర్‌మౌస్‌ను స్పష్టంగా పిలవవలసిందే. విండోస్ ఫార్మ్స్, స్వింగ్, క్యూటీలలో మాత్రం నొక్కిన ఎలిమెంట్‌కే వదిలేదాకా ఈవెంట్లు వెళ్లే ఏర్పాటు ముందే ఉంది. లినక్స్ వంటివాటి పాత తెర వ్యవస్థ ఎక్స్11లో మౌస్ బటన్ నొక్కగానే తెరను నడిపే సర్వరే ఆ పట్టును ఇచ్చేస్తుంది. ఒక టూల్‌కిట్‌లో ఏళ్లుగా ఇబ్బంది లేకుండా రాసినవారు మరో దానికి మారినప్పుడు ఈ ఒక్క పిలుపు మరచిపోవడం సర్వసాధారణం, ఎందుకంటే ఆ పని ఇంతకాలం తమ తరఫున ఎవరో చేస్తున్నారన్న సంగతే వారికి తెలియదు.

అడిగి తీసుకున్న క్యాప్చర్ అర్ధాంతరంగా పోవచ్చు కూడా. లాగుతూ ఉండగా ఏదైనా హెచ్చరిక విండో పైకి రావచ్చు, వాడేవారు కీబోర్డ్‌తో మరో ప్రోగ్రామ్‌కు మారవచ్చు. అప్పుడు వదిలిన ఈవెంట్ రాదు. విన్32లో క్యాప్చర్ మారిందన్న సందేశం, డబ్ల్యూపీఎఫ్‌లో లాస్ట్‌మౌస్‌క్యాప్చర్ ఈవెంట్ వస్తాయి. మనంతట మనం క్యాప్చర్ వదిలినా ఇవే వస్తాయి కాబట్టి, లాగడం ముగించే కోడ్‌ను వదిలిన ఈవెంట్‌లో రాయకుండా ఈ ఒక్క చోటనే రాసి, వదిలిన ఈవెంట్‌లో క్యాప్చర్‌ను విడుదల చేయడం మాత్రమే చేస్తే, ఏ దారిలో ముగిసినా ముగింపు ఒకటే అవుతుంది. ఎస్కేప్ కీ నొక్కితే మొదటి స్థానానికి తిరిగి వెళ్లాలన్న ఏర్పాటు కూడా ఇక్కడే కలుస్తుంది. మొదట దాచుకున్న స్థానాన్ని తిరిగి పెట్టి క్యాప్చర్ వదిలేస్తే చాలు. అన్‌డూ జాబితాలో నమోదు కూడా ముగింపులో ఒక్కసారే జరగాలి, లేకపోతే ఒక్క లాగుడును రద్దు చేయడానికి వాడేవారు వందసార్లు కీ నొక్కవలసి వస్తుంది. కదలిక ఈవెంట్‌లో ఎడమ బటన్ నిజంగా నొక్కే ఉందా అని మరోసారి చూసుకోవడం వల్ల నష్టమేమీ లేదు.

లాగడానికీ నొక్కడానికీ తేడా చెప్పవలసిన చోట మరో చిక్కు ఉంది. నొక్కేటప్పుడు చేయి ఒకటి రెండు పిక్సెళ్లు జరగడం సహజం. దాన్ని లాగుడుగా లెక్కిస్తే, బటన్‌ను నొక్కిన ప్రతిసారీ అది కొంచెం కొంచెంగా స్థానం మారుతుంది. అందుకే ప్రతి వ్యవస్థలోనూ ఒక కనీస దూరం ఉంటుంది: విండోస్‌లో ఇది మామూలుగా 4 పిక్సెళ్లు, క్యూటీలో 10, మరో టూల్‌కిట్ జీటీకేలో 8. ఈ అంకెలను కోడ్‌లో నేరుగా రాయకుండా సిస్టమ్‌ను అడిగి తీసుకోవాలి, చేతి వణుకు ఉన్నవారు వాటిని పెంచుకుని ఉండవచ్చు. ఈ కనీస దూరం దాటాక ఎలిమెంట్ నొక్కిన చోటు నుంచి లెక్కగట్టి కదిలితే మొదట్లో నాలుగు పిక్సెళ్ల చిన్న గెంతు కనిపిస్తుంది; ఆ దూరం దాటిన చోటు నుంచి లెక్కిస్తే గెంతు ఉండదు గానీ పాయింటర్ పట్టిన చోటు నుంచి నాలుగు పిక్సెళ్లు తప్పుతుంది. గెంతే మేలు. కంటికి దాదాపు ఆనదు, పట్టు మాత్రం సరిగ్గా ఉంటుంది.

కనీస దూరం పెట్టినంత మాత్రాన క్లిక్ సమస్య తీరిపోదు. మౌస్ బటన్ వదిలినప్పుడు పాయింటర్ ఇంకా అదే ఎలిమెంట్ మీద ఉంటే విండోస్ ఫార్మ్స్ క్లిక్ ఈవెంట్‌ను పంపుతుంది. లాగుతున్న బటన్ పాయింటర్ వెంటే వస్తుంది కదా, వదిలినప్పుడు పాయింటర్ ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. ఫలితంగా బటన్‌ను పక్కకు జరిపిన ప్రతిసారీ దాని పని కూడా జరిగిపోతుంది. ఆ బటన్ ఫైల్‌ను తొలగించేదైతే వాడేవారి గతి ఊహించుకోవచ్చు. లాగుడు జరిగిందన్న గుర్తు చూసి క్లిక్‌ను వదిలేసే ఒక్క షరతు అక్కడ తప్పనిసరి.

ప్యానెల్ ఖాళీగా ఉన్నంతసేపూ చక్కగా కదిలి, దానిలో లేబుల్ పెట్టగానే కదలడం మానేసిందన్న ఫిర్యాదుకు కారణం, నొక్కిన ఈవెంట్ ప్యానెల్‌కు కాక లేబుల్‌కు వెళ్లడం. విండోస్ ఫార్మ్స్‌లోనూ టికింటర్‌లోనూ పిల్ల ఎలిమెంట్ ఈవెంట్ దానంతట అది మధ్యలోని మాతృ ఎలిమెంట్‌కు పోదు. ప్రతి పిల్లకూ అదే ఫంక్షన్‌ను తగిలించాలి. క్యూటీలో పిల్ల స్వీకరించని ఈవెంట్ పైకి వెళ్తుంది, కాబట్టి లేబుల్ మీద నొక్కితే పనిచేస్తుంది, బటన్ మీద నొక్కితే పనిచేయదు. డబ్ల్యూపీఎఫ్‌లో ఈవెంట్లు పైకి పాకినా, బటన్ తన మీద పడిన ఎడమ నొక్కుడును తానే వాడుకున్నట్టు గుర్తు పెడుతుంది. దాన్ని ముందే పట్టుకోవాలంటే, బటన్‌కు చేరకముందే మాతృ ఎలిమెంట్‌కు అందే ప్రివ్యూ ఈవెంట్‌ను వాడాలి.

లేఅవుట్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. స్వింగ్‌లోని లేఅవుట్ మేనేజర్లు, క్యూటీ లేఅవుట్లు, టికింటర్‌లోని ప్యాక్, గ్రిడ్ పద్ధతులు ఎలిమెంట్ల స్థానాన్ని తామే నిర్ణయిస్తాయి. కోడ్ జరిపిన ఎలిమెంట్‌ను విండో పరిమాణం మారగానే మళ్లీ వెనక్కి తెచ్చి పెడతాయి. స్వేచ్ఛగా లాగాలంటే ఆ ఎలిమెంట్ లేఅవుట్ అధీనంలో ఉండకూడదు. డబ్ల్యూపీఎఫ్ కాన్వాస్‌లో ఒక చిన్న ఉచ్చు ఉంది: ఎడమ స్థానం ముందుగా ఇవ్వని ఎలిమెంట్‌ను గెట్‌లెఫ్ట్‌తో అడిగితే సున్నా రాదు, సంఖ్య కానిదని అర్థమిచ్చే నాన్ విలువ వస్తుంది. దానికి ఏది కలిపినా నాన్‌గానే ఉంటుంది. ఎర్రర్ ఏదీ రాకుండా ఎలిమెంట్ ఉన్నచోటే ఉండిపోతుంది.

లోపలి ఎలిమెంట్‌ను కాకుండా టైటిల్ బార్ లేని మొత్తం విండోనే లాగవలసి వస్తే, పైన చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పగించడం మేలు. విన్32లో పాయింటర్ ఏ భాగం మీద ఉందని సిస్టమ్ అడిగినప్పుడు టైటిల్ బార్ మీద ఉందని జవాబిస్తే మిగిలినదంతా అదే చూసుకుంటుంది. డబ్ల్యూపీఎఫ్‌లో డ్రాగ్‌మూవ్, క్యూటీలో 5.15 నుంచి స్టార్ట్‌సిస్టమ్‌మూవ్ ఇందుకే ఉన్నాయి. డ్రాగ్‌మూవ్‌ను ఎడమ బటన్ నొక్కి లేనప్పుడు పిలిస్తే ఎక్సెప్షన్ వస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. సొంత లెక్కతో విండోను జరిపితే తెర అంచుకు తాకించి సగం తెరకు సర్దే సదుపాయం పనిచేయదు. లినక్స్ కొత్త తెర వ్యవస్థ వేలాండ్‌లో అయితే సొంత లెక్కకు అసలు చోటే లేదు, ఎందుకంటే తన విండో తెర మీద ఎక్కడుందో ప్రోగ్రామ్‌కు తెలియనివ్వకపోవడం ఆ ప్రోటోకాల్ రూపకల్పనలోనే ఉంది. జరపమని కంపోజిటర్‌ను, అంటే విండోలన్నిటినీ తెర మీద కూర్చే ప్రోగ్రామ్‌ను, అడగడం ఒక్కటే దారి.

ఒకటి కన్నా ఎక్కువ మానిటర్లు ఉన్నచోట తెర నుంచి కొలిచే విలువలు రుణాత్మకం కావచ్చు. ప్రధాన మానిటర్‌కు ఎడమ పక్కన ఉన్న మానిటర్ మీద పాయింటర్ స్థానం మైనస్ 5 అయితే, విన్32 సందేశంలోని 16 బిట్ల విలువను ధన, రుణ గుర్తు లేని సంఖ్యగా చదివే పాత అలవాటు వల్ల అది 65531 అవుతుంది, ఎలిమెంట్ మాయమవుతుంది. తెర మీదివాటిని పెద్దవిగా చూపే అమరిక, అంటే స్కేలింగ్, మరో రకంగా ఇబ్బంది పెడుతుంది. డబ్ల్యూపీఎఫ్ కొలత అంగుళంలో 96వ వంతు. 150 శాతం స్కేలింగ్ ఉన్న తెర మీద 300 పిక్సెళ్లు ఆ కొలతలో 200 మాత్రమే. పాయింటర్ స్థానాన్ని పిక్సెళ్లలో తీసుకుని మార్చకుండా వాడితే ఎలిమెంట్ పాయింటర్ కన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా పరుగెత్తుతుంది. కోడ్ రాసిన యంత్రం 100 శాతం మీద ఉంటే ఈ తప్పు ఎన్నటికీ కనబడదు.

వేగం గురించిన ఆందోళన చాలావరకు అనవసరం. మామూలు యూఎస్‌బీ మౌస్ సెకనుకు 125 సార్లు, ఆటల కోసం చేసినవి 1000 సార్లు స్థానాన్ని పంపుతాయి. 60 హెర్ట్జ్ తెర మారేది మాత్రం సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. మధ్యలోని ప్రతి స్థానానికీ ఎలిమెంట్‌ను గీయడం వృథా, చివరిది ఒక్కటే కంటికి చేరుతుంది. విండోస్ కూడా ప్రతి కదలికనూ వరుసలో పేర్చదు, ప్రోగ్రామ్ సందేశం అడిగినప్పుడు తాజా స్థానాన్నే ఇస్తుంది. కదలిక ఈవెంట్‌లో ఫైల్ రాయడం, డేటాబేస్‌ను అడగడం వంటి పనులు పెట్టకుండా ఉంటే చాలు.

ఇన్ని జాగ్రత్తలు చదివాక, సిద్ధంగా దొరికేవి ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. డబ్ల్యూపీఎఫ్‌లోని థంబ్ కంట్రోల్ క్యాప్చర్‌నూ తేడాల లెక్కనూ తానే చూసుకుంటుంది. క్యూటీ గ్రాఫిక్స్ వ్యూలో ఐటమ్‌ఈజ్‌మూవబుల్ అన్న ఒక్క గుర్తు పెడితే బొమ్మ కదులుతుంది. అవకాశం ఉన్నచోట వాటినే వాడాలి. వెతికేటప్పుడు మాత్రం డ్రాగ్ అండ్ డ్రాప్ అనే పేరుతో దొరికే డూడ్రాగ్‌డ్రాప్, క్యూడ్రాగ్ వంటివాటి జోలికి పోకూడదు. అవి ఒక చోటి డేటాను మరో చోటికి, అవసరమైతే మరో ప్రోగ్రామ్‌కు అందించేందుకు ఉద్దేశించినవి. ఎలిమెంట్ స్థానం మార్చడానికి వాడితే పాయింటర్ ఆకారం మారుతుంది, మామూలు మౌస్ ఈవెంట్లు ఆగిపోతాయి, ఎలిమెంట్ కదలదు.

లాగడం అందరికీ సులువు కాదన్నది కొలిచి తేల్చిన విషయం. పరిశోధకులు మెకెంజీ, సెల్లెన్, బక్స్‌టన్ 1991లో మౌస్, స్టైలస్, ట్రాక్‌బాల్‌లతో జరిపిన ప్రయోగంలో, గురి చూసి నొక్కడం కన్నా లాగడం నెమ్మదిగానూ ఎక్కువ తప్పులతోనూ సాగింది. వెబ్ కోసం 2023 అక్టోబర్‌లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 (వైకల్యం ఉన్నవారు కూడా వాడగలిగేలా చేసే) మార్గదర్శకాలలోని 2.5.7 నియమం, లాగడం తప్పనిసరైతే తప్ప, లాగి చేసే పనిని లాగకుండా పాయింటర్‌తోనే కూడా చేయగలగాలని కోరుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కు అదే కొలమానం పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. కీబోర్డ్ ఆ నియమానికి పూర్తి బదులు కాకపోయినా, ఎంచుకున్న ఎలిమెంట్‌ను బాణం కీలతో ఒక్కో పిక్సెల్, షిఫ్ట్‌తో కలిపి పదేసి పిక్సెళ్లు జరపగలిగితే చాలామందికి సరిపోతుంది. స్థానాన్ని లెక్కగట్టే భాగాన్నీ, హద్దులూ గడులూ వర్తింపజేసే భాగాన్నీ మౌస్ ఈవెంట్ల నుంచి విడిగా ఒక ఫంక్షన్‌లో రాసి ఉంటే, కీబోర్డ్ కోడ్ దాన్నే పిలుస్తుంది. విండోస్‌లో బటన్‌ను నొక్కి పట్టుకోనక్కర లేకుండా లాగనిచ్చే క్లిక్‌లాక్ అనే సెట్టింగ్ కూడా ఉంది. కాసేపు నొక్కి వదిలితే, మళ్లీ నొక్కేదాకా బటన్ నొక్కే ఉన్నట్టు సిస్టమ్ భావిస్తుంది. దీని కోసం కోడ్‌లో ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు గానీ, లాగుడు మొదలై ఇన్ని సెకన్లు దాటితే ఏదో చిక్కుకుపోయిందని భావించి రద్దు చేసే టైమర్‌ను ఎవరైనా పెట్టి ఉంటే, ఈ సెట్టింగ్ వాడేవారి చేతిలోంచి ఎలిమెంట్ మధ్యదారిలోనే జారిపోతుంది.